ఆక్యుపేషనల్ థెరపీ చదివేవారు చేతికి అలవాటు చేసుకోవాల్సిన పనులు

జబ్బు, గాయం వల్ల రోజువారీ పనులు చేసుకోలేని వాళ్లు మళ్లీ చేసుకోగలిగేలా చేసే చికిత్సే ఆక్యుపేషనల్ థెరపీ. కోర్సులో చేరేముందే దానికి వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్స్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. 1952లో ఏర్పడిన ఈ సమాఖ్య లెక్క ప్రకారం కోర్సు మొత్తంలో కనీసం 1000 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలి. గుర్తింపు ఉన్నా వేరే దేశంలో పనిచేయాలంటే అక్కడి లైసెన్సు విడిగా తెచ్చుకోవాల్సిందే.

అనాటమీ, న్యూరాలజీ, సైకాలజీ ఎలాగూ చదివిస్తారు. ఈ వృత్తికి ప్రాణం మాత్రం పనిని విడగొట్టి చూడటం. పళ్లు తోముకోవడాన్నే తీసుకోండి. మొదటిసారి రాయమంటే చాలామంది ఐదు అంచెలతో సరిపెడతారు. ఇరవై దాటేదాకా రాయండి: ట్యూబు పట్టుకోవడం, మూత తిప్పడం, బ్రష్షు నిలకడగా ఉంచడం... ప్రతి అంచె పక్కన ఏ కీలు కదిలింది, ఎలాంటి పట్టు కావాలి, చూపు, జ్ఞాపకం, నిలకడ ఎంత అవసరమో రాయండి. పక్షవాతం వచ్చిన మనిషి బ్రష్షు చేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోతే, పట్టు చాలలేదా, తర్వాతేం చేయాలో తోచలేదా, ఎడమ పక్కనున్న పేస్టు గమనికలోకే రాలేదా? మూడింటికీ చికిత్స వేరు. ఐదు అంచెల జాబితాతో ఆ తేడా పట్టుకోలేరు.

చొక్కా వేయడం మీమీదే సాధన చేయండి, ఒక చేతిని పూర్తిగా వదిలేసి. బలహీనమైన చెయ్యి ముందు తొడగాలి, విప్పేటప్పుడు చివర తీయాలి. తిరగేస్తే మిగిలిన గుడ్డ బిగిసి, అసలే పట్టు తప్పిన భుజం లాగుకుపోతుంది. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగడం కూడా అలాంటి తప్పే.

మణికట్టు స్ప్లింట్‌కి (మణికట్టును కదలకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ ఆసరాకి) ముంజేతి పొడవులో మూడింట రెండు వంతులు, చుట్టుకొలతలో సగం రావాలి. పొట్టిగా కోస్తే బరువంతా ఒకే అంచు మీద పడి చర్మం కోసుకుంటుంది. వేళ్ల మొదళ్ల దగ్గరి అరచేతి గీత దాటితే పిడికిలి మూసుకోదు. వేడినీళ్లలో మెత్తబరిచి తీసిన ప్లాస్టిక్ షీటు తడి తుడిచి, మీ చర్మానికి ఆనించి చూశాకే పేషెంటుకి పెట్టండి. స్పర్శ లేని చేతికి కాలినా తెలియదు. అరగంట వేసి తీసి చూడండి. ఎర్రటి మచ్చ మరో ఇరవై, ముప్పై నిమిషాల్లో పోకపోతే అక్కడ స్ప్లింట్‌ని మళ్లీ వేడిచేసి సవరించాలి. చిటికెన వేలి వైపు మణికట్టు ఎముక దగ్గరే ఎక్కువగా ఒత్తుతుంది.

కేసు షీటులో కొత్తవాళ్లు "చేతి బలం పెరగాలి" అని లక్ష్యం రాస్తారు. అది నెరవేరిందో లేదో ఎవరు తేలుస్తారు? "నాలుగు వారాల్లో, కుర్చీలో కూర్చుని, నోటి సూచనలతో మాత్రమే, పది నిమిషాల్లో గుండీల చొక్కా తొడుక్కోవాలి" అని రాస్తే, సెలవులో మీ బదులు వచ్చిన థెరపిస్టు కూడా గడియారం పెట్టి చూసి చెప్పగలరు.