సాగర్ నిండేలోపు ప్రొపెల్లర్ మారుస్తున్నారా?

వరద రాగానే నాగార్జునసాగర్ వెనుక జలాల్లో మోటారు పడవ దించేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

పిచ్ (ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు సాగే దూరం, అంగుళాల్లో) ఎక్కువది కొనొద్దు. స్పీడ్ వస్తుందని ఆశపడితే ఇంజిన్ మోయలేక వేడెక్కి, ఏకంగా పిస్టన్‌కే ఎసరు రావచ్చు. ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) కంపెనీ పుస్తకంలో ఉన్న హద్దుల్లో ఉండాలి. అంత రాకపోతే పిచ్ తగ్గించండి. అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం సుమారు 150–200 పెరుగుతుంది.

ట్రయల్ ఖాళీ పడవతో వద్దు. వలలు, మనుషులు, ఐసు పెట్టె ఎక్కాకే అసలు లెక్క తెలిసేది.

పాతదాని మీద 9 × 7 లాంటి అంకెలుంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్. ఫోటో తీసుకెళ్లండి.

ప్రొపెల్లర్ నడిమి రంధ్రం లోపలి పళ్లు లెక్కపెట్టండి. ఒక్కటి తేడా వచ్చినా షాఫ్ట్‌కు ఎక్కదు.

మనకు అల్యూమినియమే మేలు. నీటి కింద బండ తగిలితే రెక్క వంగుతుంది, గేర్లు బతుకుతాయి.

షాఫ్ట్‌కు చుట్టుకున్న వల దారం తీసేయండి. అది ఆయిల్ సీలును కోస్తే నీళ్లు లోపలికి చేరి గేర్ ఆయిల్ పాలలా తెల్లబడుతుంది.