చిన్న కరెంటుకే కాంటాక్టులు కాలుతుంటే

స్విచ్‌లో తాకి విడిపోయే వెండి ముక్కల (కాంటాక్టుల) మధ్య ఆర్క్, అంటే గాలిలోంచి కరెంటు పారే మెరుపు, నిలవాలంటే సుమారు 12 వోల్టులు, 0.4 ఆంపియర్లు రెండూ ఉండాలి. కాబట్టి 24 వోల్టుల మీద 17 మిల్లీఆంపియర్లే తీసుకునే రిలే (అయస్కాంతంతో నడిచే స్విచ్) కాయిల్‌ని, అంటే దాని తీగచుట్టని, ఏ స్విచ్చయినా ఇట్టే ఆపేస్తుందనిపిస్తుంది. లోడు హీటర్ లాంటిదైతే నిజమే, కాయిల్ సంగతి వేరు. స్విచ్ తెరవగానే కాయిల్‌లోని శక్తి వోల్టేజిని పైకి తోస్తుంది. సుమారు 330 వోల్టులు దాటితే గాలి ఖాళీలోంచి కరెంటు దూకి, ఆరి, మళ్లీ దూకుతుంది. ఒక్కసారి తెరిచినందుకు ఇన్ని చిన్న ఆర్క్‌లు! కాంటాక్టుల మీద గుంతలు పడటానికీ, పక్కనున్న మైక్రోకంట్రోలర్ రీసెట్ కావడానికీ ఇదే కారణం.

డీసీ కాయిల్ అయితే దాని రెండు కొసల మధ్య 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకే దిశలో పోనిచ్చేది) చాలు. గీత ఉన్న కొస ప్లస్‌కి రావాలి. తిరగేస్తే సప్లై షార్ట్ అవుతుంది. దాన్ని స్విచ్ దగ్గర కాకుండా కాయిల్ కాళ్ల దగ్గరే పెట్టండి, పొడవాటి వైర్లు నాయిస్ వెదజల్లవు. డయోడ్‌తో రిలే ఆలస్యంగా వదులుతుంది (ఆఫ్ అవుతుంది). దానివల్ల రిలే సొంత కాంటాక్టులు నెమ్మదిగా విడిపోయి అక్కడ ఆర్క్ పెరుగుతుంది. చాలామంది పట్టించుకోనిది ఇదే. డయోడ్‌కి ఎదురుముఖంగా 24 వోల్టుల జీనర్‌ని (ఎదురు దిశలో ఆ వోల్టేజి దాటాకే కరెంటుని వదిలే డయోడ్‌ని) సిరీస్‌లో కలపండి: స్విచ్ మీద 49 వోల్టులే పడతాయి, విడుదలా చురుగ్గా ఉంటుంది.

ఏసీకి డయోడ్ పనికిరాదు. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 120 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో కలిపి కాంటాక్టుకి అడ్డంగా, అంటే దాని రెండు కొసల మధ్య, పెట్టండి. 230 వోల్టుల లైనైతే సప్లై ఆపాకే చేయి పెట్టాలి, కెపాసిటర్ ఎక్స్2 రకమే (మెయిన్స్ లైనుకి తగిన భద్రతా రకం) కావాలి. రెసిస్టర్ లేకుండా కెపాసిటర్ ఒక్కటే పెడితే, స్విచ్ మూసిన క్షణంలో అది ఒక్కసారిగా ఖాళీ అయి కాంటాక్టులను అతికించేస్తుంది. ఇంకో చిక్కుంది: 50 హెర్ట్జ్ దగ్గర ఈ జత గుండా స్విచ్ తెరిచి ఉన్నా 7 మిల్లీఆంపియర్లు పారుతూనే ఉంటాయి. చిన్న రిలే వదలకపోయినా, ఎల్ఈడీ మసకగా వెలుగుతున్నా ముందు ఇదే చూడండి. అలాంటప్పుడు జతను కాంటాక్టు మీంచి తీసి కాయిల్‌కి అడ్డంగా పెట్టాలి.

బంగారు పూత కాంటాక్టులతో ఒక్కసారైనా ఆర్క్ వచ్చే లోడు నడిపితే పూత కాలిపోతుంది. ఆ తర్వాత వాటిని మిల్లీవోల్టుల సిగ్నళ్లకు వాడొద్దు. దగ్గర్లో సిలికోన్ సీలెంట్ కూడా వద్దు: దాని ఆవిరి ఆర్క్‌లో కాలి, కాంటాక్టు మీద కరెంటు పారని సిలికా పొరగా పేరుకుంటుంది.