ఇంట్లోనే యుద్ధ విమానం – 4వ పాఠం: ముందు లాగ్, తర్వాత రంగు

మూడో పాఠంలో ‘ఐఎల్-2 స్టుర్మోవిక్: 1946’ అనే యుద్ధ విమానాల ఆటని పీసీలోకి ఎక్కించుకున్నాం. స్క్రీన్ కొలతలు మార్చడానికి కాన్ఫ్.ఐఎన్ఐ (conf.ini) అనే సెట్టింగుల ఫైల్లో మూడు లైన్లు దిద్దమని పని ఇచ్చాను: విడ్త్, హైట్, సేవ్‌ఆస్పెక్ట్. మొదటి రెండింట్లో మీ మానిటర్ కొలతలు, మూడోదాంట్లో సున్నా. కొందరికి కాక్‌పిట్ స్క్రీన్ నిండా వచ్చి ఉంటుంది. ఇంకొందరికి ఎన్నిసార్లు దిద్దినా బొమ్మ పాత కొలతల్లోనే, అటూ ఇటూ నల్లటి పట్టీలతో వస్తుంటుంది. ఈ రెండో రకం వాళ్ళతోనే ఈ పాఠం మొదలుపెడతాను. ఈ చిక్కు విడిపోకుండా ఆటకు పైనుంచి చేర్చే మార్పుల, అంటే మోడ్‌ల జోలికి వెళితే, తర్వాత వచ్చే ఏ తప్పు ఎక్కణ్ణించి వచ్చిందో తేల్చుకోలేం.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా మేనల్లుడికి సరిగ్గా ఇదే జరిగింది. మూడు రోజులు తంటాలు పడి ఫోన్ చేశాడు.

“మావయ్యా, ఫైల్ సేవ్ అయింది. మళ్ళీ తెరిచి చూస్తే నేను రాసిన అంకెలే ఉన్నాయి. ఆట మాత్రం వాటిని పట్టించుకోవట్లేదు.”

“ఆట ఎక్కడ ఇన్‌స్టాల్ చేశావురా?”

“ప్రోగ్రామ్ ఫైల్స్‌లో. అదే అడిగితే ఓకే కొట్టాను.”

“మరి నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచావా?”

“అవును, లేకపోతే సేవ్ చేయనివ్వలేదు.”

ఆ ఒక్క మాటతో నాకు అర్థమైపోయింది. ఈ ఆట మూలం 2001 నాటిది. అప్పట్లో ప్రోగ్రాములు తమ సెట్టింగులను తమ ఫోల్డర్లోనే రాసుకునేవి, విండోస్ కాదనేది కాదు. విండోస్ విస్టా వచ్చాక పద్ధతి మారింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఎవరు పడితే వాళ్ళు రాయకూడదని తలుపు వేశారు. అలాగని పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదు కదా. అందుకని అవి రాయబోయే ఫైళ్ళను విండోస్ పట్టుకెళ్ళి, వర్చువల్‌స్టోర్ అనే వేరే ఫోల్డర్లో పెడుతుంది. మన యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా, అందులో లోకల్, దాని లోపల ఉంటుంది అది. ఆట తన ఫైల్ కోసం చూసినప్పుడు విండోస్ ముందు ఆ కాపీనే చేతికిస్తుంది. మావాడు దిద్దిందేమో ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న అసలు ఫైలు. రెండు ఫైళ్ళకీ ఒకటే పేరు. వాడు ఒకటి దిద్దుతున్నాడు, ఆట ఇంకొకటి చదువుతోంది.

దీనికి మందు చాలా తేలిక. ఆట ఫోల్డర్‌ని మొత్తంగా డీ డ్రైవ్‌లో గేమ్స్ అని ఒక ఫోల్డర్ చేసి అందులోకి కాపీ చేయండి. అక్కడ విండోస్ అడ్డు రాదు. కొత్త చోటున ఉన్న ఎక్స్ఈ ఫైలుకి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టుకుని, పాత షార్ట్‌కట్ తీసేయండి. పాతది ఉంచితే పొరపాటున దాన్నే నొక్కి, మళ్ళీ మొదటికొస్తారు. ఇంకో జాగ్రత్త: ఆట నడుస్తుండగా కాన్ఫ్.ఐఎన్ఐని ముట్టుకోవద్దు. ఆట మూసేటప్పుడు తన సెట్టింగులను అందులో మళ్ళీ రాసుకుంటుంది, మీరు దిద్దినవి పోతాయి. నాకు ఒకసారి సరిగ్గా ఆట మూస్తుండగా కరెంటు పోయింది. మళ్ళీ తెరిచేసరికి ఆ ఫైలు ఖాళీగా ఉంది. అప్పట్నుంచి మంచి స్థితిలో ఉన్న కాన్ఫ్.ఐఎన్ఐకి ఒక కాపీ వేరే ఫోల్డర్లో దాచిపెడుతున్నాను. మీరు కూడా ఇప్పుడే, ఈ పేరా దగ్గర ఆగి, ఆ పని చేసేయండి.

ఇక లాగ్ సంగతి.

ఆట ఆగిపోతే మనవాళ్ళు సాధారణంగా చేసే పని రీస్టార్ట్, ఆ తర్వాత రీఇన్‌స్టాల్. ఎక్కడ నొప్పో అడగకుండా ఇంజెక్షన్ చేసేయడం లాంటిదది. ఈ ఆట తనకేమైందో తానే రాసి పెడుతుంది, కాకపోతే ఆ రాతను మనం ఆన్ చేయాలి. కాన్ఫ్.ఐఎన్ఐలో కన్సోల్ అనే శీర్షిక వెతకండి. దాని కింద లాగ్ అనే చోట సున్నా ఉంటే ఒకటి పెట్టండి. లాగ్‌టైమ్‌కి కూడా ఒకటి పెడితే ప్రతి లైనుకీ సమయం పడుతుంది. ఇకమీదట ఆట నడిచినప్పుడల్లా లాగ్.ఎల్ఎస్‌టీ అనే ఫైలు తయారవుతుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌తో తెరవచ్చు.

ముందు మోడ్‌లేవీ లేకుండా ఒకసారి ఆట నడిపి, ఐదు నిమిషాలు ఎగిరి, బయటికి వచ్చి ఆ లాగ్ చదవండి. అందులో అర్థంకాని లైన్లు చాలా ఉంటాయి, కంగారు పడొద్దు. ఆరోగ్యంగా ఉన్న ఆట లాగ్ ఎలా ఉంటుందో కళ్ళకు అలవాటు కావడం కోసమే ఇది. దాన్ని ‘మంచిలాగ్’ అని పేరు మార్చి దాచుకోండి. రేపు ఏదైనా చెడినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, కొత్తగా చేరిన లైనే మనకు కావాల్సింది. చాలాసార్లు అది ‘ఇంటర్నల్ ఎర్రర్: క్యాంట్ ఓపెన్ ఫైల్’ అనే మాటలతో మొదలై, పక్కన ఒక ఫైలు పేరు ఉంటుంది. అంటే ఆట ఆ ఫైలు కోసం వెళ్ళింది, అది అక్కడ లేదు. లేదంటే మనం వేరే చోట పెట్టాం. ఒకే తప్పు వెంట పదిహేను లైన్లు పడటం కూడా మామూలే. అప్పుడు మొదటి లైను పట్టుకోండి, మిగతావి దాని వెనక వచ్చినవే అయ్యుంటాయి.

మా మేనల్లుడు స్క్రీన్ సరయిన ఆనందంలో ఆ రాత్రే ఐదు మోడ్‌లు ఒకేసారి ఎక్కించాడు. ఆట లోడింగ్ మధ్యలో ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే సీపీయూ ఒళ్ళో పెట్టుకుని గుంటూరు నుంచి పల్లెవెలుగు బస్సులో వచ్చేశాడు. ఫోన్లోనే చెప్పేవాణ్ణి గానీ, అంత దూరం వచ్చాక ఎదురుగా కూర్చుని చూద్దామన్నాను. లాగ్‌లో ఫలానా ఫైలు తెరవలేకపోయానని ఒక లైను. ఆ పేరు పట్టుకుని ఫోల్డర్లలో వెతికితే అది భేషుగ్గా ఉంది, కానీ ఒక అంతస్తు లోపల. జిప్ ఫైల్ విప్పినప్పుడు మోడ్ పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల మళ్ళీ అదే పేరుతో ఇంకో ఫోల్డర్ వచ్చాయి. వాడు బయటి ఫోల్డర్‌ని పెట్టాడు. మోడ్‌లలో నేను చూసిన తప్పుల్లో సగానికి పైగా ఇదే. లోపలి ఫోల్డర్ని ఒక మెట్టు బయటికి లాగాం, ఆట లేచింది.

ఐదింట్లో తప్పు ఒక్కదాంట్లోనే ఉంది. కానీ ఐదూ కలిపి పెట్టడంతో వాడు ఐదింటినీ అనుమానించాడు, చివరికి పీసీనే అనుమానించి మోసుకొచ్చాడు. అందుకే ఈ పాఠమాలలో ఒక నియమం పెట్టుకుందాం: ఒక మార్పు, ఒకసారి ఎగరడం, ఒకసారి లాగ్ చూడడం, ఆ తర్వాతే రెండో మార్పు. ఇప్పటికే పదహారు మోడ్‌లు ఎక్కించి ఉంటే సగం తీసేసి చూడండి. ఆట లేస్తే తప్పు తీసేసిన సగంలో ఉంది, లేవకపోతే మిగిలిన సగంలో. అలా సగం, సగంలో సగం చేసుకుంటూ పోతే నాలుగు ప్రయత్నాల్లో ఒక్క మోడ్ దగ్గర తేలుతారు. రెండు మోడ్‌లు ఒకదానితో ఒకటి పడక వచ్చిన గొడవైతే ఈ లెక్క పనిచేయదు, ఆ సంగతి వేరే పాఠంలో.

వేసవి గురించి ఒక మాట. మే నెల విజయవాడ ఎండల్లో మధ్యాహ్నం ఇరవై నిమిషాలు బాగా ఆడి, తర్వాత బొమ్మ ముక్కలు ముక్కలుగా కదులుతుంటే మోడ్‌లను తిట్టకండి. క్యాబినెట్ మూత తీసి, ఫ్యాన్‌కి పట్టిన దుమ్ము దులపండి. అదే మిషన్ తెల్లవారుజామున నడిపి చూడండి. అప్పుడు నున్నగా నడిస్తే దోషం వేడిదే.

ఇప్పుడు ఇష్టమైన భాగానికి వద్దాం. మన మొదటి మోడ్ ఒక స్కిన్, అంటే విమానం ఒంటి రంగు. మొదటి మోడ్‌గా స్కిన్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే ఇది విమానం నడకను ముట్టుకోదు. కొండపల్లి బొమ్మలో పొణికి కర్ర అలాగే ఉంటుంది, పైన రంగు మారితే రాజు బొమ్మ వేరు, రైతు బొమ్మ వేరు. ఇదీ అంతే. తప్పు పోయినా ఆట చెడదు.

హరికేన్ తీసుకుందాం. 1944లో ఇంఫాల్ యుద్ధంలో భారత వైమానిక దళం నంబర్ 1 స్క్వాడ్రన్ నడిపింది ఈ విమానాన్నే. ఆ స్క్వాడ్రన్ నాయకుడు అర్జన్ సింగ్, తర్వాతి కాలంలో మన వైమానిక దళాధిపతి అయ్యారు. ఆట ఇచ్చే బ్రిటిష్ హరికేన్ రెక్కల మీద గుండ్రటి గుర్తు మధ్యలో ఎర్ర చుక్క ఉంటుంది. బర్మా వైపు ఎగిరిన విమానాల మీద ఆ ఎరుపు తీసేశారు. జపాన్ విమానాల గుర్తు ఎర్రటి గుండు. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపించి మనవాళ్ళే మనవాళ్ళను కాల్చే ప్రమాదం ఉందని, ముదురు నీలం వలయంలో లేత నీలం చుక్క పెట్టారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మన తీరానికి అంత దగ్గరగా వచ్చిన యుద్ధం అది. ఆ గుర్తును సరిగ్గా వేయడం నాకు చిన్న విషయంగా అనిపించదు.

రెండో పాఠంలో దించుకున్న హరికేన్ టెంప్లేట్‌ని బొమ్మలు దిద్దే జింప్ అనే ప్రోగ్రామ్‌లో తెరవండి. దర్జీ బల్ల మీద పరిచిన చొక్కా ముక్కల్లా రెక్కలు, పొట్ట, తోక విడివిడిగా కనిపిస్తాయి. పైభాగానికి ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు పట్టీలు ఒక లేయర్లో, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరల్లో ఒకదాంట్లో, వేయండి. రివెట్లు, రేకుల అతుకులు ఉన్న లేయర్ ఎప్పుడూ పైనే ఉండాలి, లేకపోతే విమానం ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. గుర్తు కోసం కొత్త లేయర్ తీసుకుని, ఎలిప్స్ సెలెక్ట్‌తో గీయడం మొదలుపెట్టాక షిఫ్ట్ నొక్కిపట్టి గుండ్రంగా గీసి ముదురు నీలం నింపండి. దాని మధ్యలో చిన్నది గీసి లేత నీలం. నీలాలు మరీ మెరిసిపోకుండా కొంచెం బూడిద రంగు కలపండి. బర్మా ఎండకీ వానకీ వెలిసిన రంగు అది.

పని మొత్తాన్ని ముందు జింప్ సొంత ఫార్మాట్‌లో సేవ్ చేసుకోండి. తర్వాతి మెట్టులో రంగులు తగ్గిపోతాయి, వెనక్కి రావాలంటే ఈ ఫైలే దిక్కు. ఈ ఆటకు కావాల్సింది 1024 × 1024 పిక్సెళ్ళ బీఎంపీ బొమ్మ ఫైలు, అదీ 256 రంగులది. ఇమేజ్ మెనూలో మోడ్, అందులో ఇండెక్స్‌డ్ ఎంచుకుని 256 పెట్టండి. డితరింగ్ (లేని రంగును చుక్కలు కలిపి చూపించడం) వద్దు, గుర్తు అంచుల దగ్గర చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వచ్చే చిన్న పెట్టెలో రన్ లెంగ్త్ ఎన్‌కోడెడ్ టిక్ తీసేయండి. కలర్ స్పేస్ సమాచారం రాయవద్దనే దానికి మాత్రం టిక్ పెట్టండి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టండి.

ఇప్పుడు ఫైల్ సైజు చూడండి. విండోస్‌లో 1,025 లేదా 1,026 కేబీ చూపించాలి. పిక్సెల్‌కి ఒక బైటు చొప్పున పది లక్షల నలభై ఎనిమిది వేల చిల్లర పిక్సెళ్ళు, వాటి పైన రంగుల పట్టిక, చిన్న హెడరు. లెక్క అక్కడికక్కడికి సరిపోతుంది. 3,073 కేబీ చూపిస్తే మీరు ఇండెక్స్‌డ్ చేయడం మర్చిపోయారు, అది 24 బిట్ల ఫైలు. ఆట దాన్ని ఒప్పుకోదు. ఈ ఒక్క అంకె చూసే అలవాటు మీకు గంటల టెన్షన్ తప్పిస్తుంది.

ఎక్కించడానికి, మోడ్‌లను ఆన్, ఆఫ్ చేసే జేఎస్‌జీఎంఈ అనే చిన్న ప్రోగ్రామ్ వాడదాం. స్కిన్‌ని నేరుగా కాపీ చేసినా పనిచేస్తుంది, కానీ అలవాటు ఇప్పుడే కావాలి. మోడ్‌ల ఫోల్డర్లో మన మోడ్ పేరుతో ఒక ఫోల్డర్ చేయండి. దాని లోపల ఆట ఫోల్డర్లో ఉన్న దారినే అచ్చంగా కట్టాలి: పెయింట్‌స్కీమ్స్, అందులో స్కిన్స్, అందులో హరికేన్ ఫోల్డర్, చివర మీ బీఎంపీ. హరికేన్ ఫోల్డర్ పేరు టైపు చేయకుండా ఆటలో ఉన్నదాని నుంచే కాపీ చేయండి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆట కనిపెట్టలేదు. మోడ్ ఆన్ చేస్తే ఈ ప్రోగ్రామ్ ఫైళ్ళను వాటి చోట్లకి పంపుతుంది. ఏదైనా పాత ఫైలు మీద రాయాల్సివస్తే ముందు దాన్ని దాచి, ఆఫ్ చేసినప్పుడు తిరిగి పెడుతుంది.

ఆట తెరిచి క్విక్ మిషన్‌లో హరికేన్ ఎంచుకుని, ఆయుధాల పేజీలోని స్కిన్ జాబితాలో మీ ఫైల్ పేరు చూడండి. అక్కడే మార్కింగ్స్ అనే మీట ఆఫ్ చేయాలి. లేకపోతే మీరు వేసిన నీలం గుర్తు మీద ఆట తన ఎర్ర చుక్క గుర్తు మళ్ళీ వేస్తుంది. మావాడు దీన్నే చూసి రంగు మారలేదని అరగంట బాధపడ్డాడు.

ఎగిరాక బయటి కెమెరాకి మారి, సూర్యుడు రెక్క మీద పడేలా విమానాన్ని మెల్లగా ఒరిగించండి. మా మేనల్లుడు ఆ నీలం చుక్క చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మావయ్యా, తోక మీద అంకె కూడా వేద్దామా?” అన్నాడు. సాయంత్రం బస్సు వదిలేసి ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయాడు.

వచ్చే పాఠానికి పని: రెండు రెక్కల మీదా గుర్తు ఒకే సైజులో వచ్చిందో లేదో బయటి కెమెరాలో చూసుకుని, తేడా ఉంటే దిద్దండి. దిద్దిన ప్రతిసారీ ఫైల్ సైజు, లాగ్ రెండూ చూడండి. ఐదో పాఠంలో జాయ్‌స్టిక్ పట్టుకుంటాం, కాన్ఫ్.ఐఎన్ఐలో దాని కోసం ఉన్న పది పన్నెండు అంకెల వరుస ఏమిటో చూద్దాం. అప్పటిదాకా ఆ వరుసను కదపకండి.