పిల్లల్తో సింగపూర్ క్రూజ్ ఎక్కేముందు

మనవాళ్ళు చాలామంది సింగపూర్ వెళ్ళి అక్కడ్నుంచి పెనాంగ్ (మలేషియా), ఫుకెట్ (థాయ్‌లాండ్) తిప్పే క్రూజ్ ఎక్కుతున్నారు కదా, చంటిపిల్లలుంటే ముందు వయసు రూల్ చూస్కోండి, చాలా షిప్పుల్లో 6 నెలలు నిండకపోతే ఎక్కనివ్వరు. షిప్పు మళ్ళీ సింగపూర్‌కే వస్తది కాబట్టి వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి.

గది కింది డెక్‌లో, షిప్పు మధ్యలో తీస్కోండి, ఊపు తక్కువ.

అసలు తంటా ఎక్కేరోజే. టెర్మినల్‌లో ఇచ్చిన సూట్‌కేసులు గదికి చేరేసరికి సాయంత్రం అవుద్ది. మా చిన్నోడు పూల్ కనపడగానే చొక్కా విప్పేశాడు, స్విమ్ డ్రెస్సేమో సూట్‌కేసులో, ఇంకేముంది, డెక్ మీద పడి దొర్లి ఒకటే ఏడుపు. అందుకే స్విమ్ డ్రెస్, ఒక జత బట్టలు, జ్వరం మందు, డైపర్లు చేతిసంచిలోనే పెట్టుకోండి. అన్నట్టు డైపర్ మానని పిల్లల్ని మామూలు పూల్‌లో దించనివ్వరు, చాలా షిప్పుల్లో స్విమ్ డైపర్ వేసినా కుదరదు, వాళ్ళకి వేరే నీళ్ళాట చోటుందేమో బుకింగ్ అప్పుడే అడగండి. కిడ్స్ క్లబ్ కూడా మామూలుగా 3 ఏళ్ళు నిండి డైపర్ మానేసినోళ్ళకే.

రైస్ కుక్కర్, కెటిల్ మోస్కెళ్ళకండి, లాక్కుంటారు. ఇంట్లో వండింది కూడా చాలావాటిల్లో ఒప్పుకోరు, సీల్ తీయని కందిపొడి ప్యాకెట్ బెటర్, బఫేలో తెల్లన్నం ఉంటది, కలిపి పెట్టేయడమే.

పెనాంగ్‌లో షిప్పు జార్జ్‌టౌన్ ఒడ్డుకే ఆనుతుంది, దిగి నడవడమే. ఫుకెట్‌లో పటాంగ్ బీచ్ దగ్గరైతే సముద్రంలోనే ఆగుద్ది, చిన్న పడవలో ఒడ్డుకెళ్ళాలి, మడిచే స్ట్రోలర్ తీస్కెళ్ళండి. పొద్దున్నే దిగి ఎండ ముదరకముందే వచ్చేయండి, మధ్యాహ్నం అందరూ బయట తిరుగుతుంటే పూల్ ఖాళీ!