డ్రాప్ అయినవాళ్లు కట్ట ముట్టకుండా

ఇంట్లో రమ్మీ వేసేటప్పుడు నాకు మహా చిరాకు తెప్పించేది ఒకటుంది. ముక్కలు బాగోలేవని మొదట్లోనే 20 పాయింట్లకి డ్రాప్ అయినాయన, అంటే ఆ ఆట వదిలేసినాయన, ఊరుకోకుండా కట్టలో పైముక్క ఎత్తి చూసి, "అరెరె, ఉండుంటే షో కొట్టేవాణ్ణి!" అంటాడు. ఆ ముక్కేంటో అందరికీ తెలిసిపోయి ఆట పాడవుతుంది.

కూకట్‌పల్లిలో మా ఇంట్లో 101 పూల్ (101 పాయింట్లు చేరినవాళ్లు ఔట్) ఆడతాం, డబ్బుల్లేకుండా, చింతపిక్కలతోనే. డ్రాప్ అనగానే ఆ 13 ముక్కలూ బోర్లించి, పైన మంచినీళ్ల గ్లాసు పెట్టేస్తాం. ఎవరో ఒకరు షో కొట్టి ఆట ముగించేదాకా కట్ట ముట్టకూడదు. ముడితే 20 కాస్తా మిడిల్ డ్రాప్ (ఆట మధ్యలో వదిలేయడం) లెక్కన 40 రాస్తాం. బాబాయికి ఒక్కసారి రాశాం, మళ్లీ ముట్టలేదు.

పక్కవాళ్ల చేతిలోకి తొంగిచూసి "వదినా, ఇస్పేటు రాణి వెయ్యకు" అనేవాళ్లకి మాత్రం లెక్కల పుస్తకం అప్పజెప్పి ఎడంగా కూర్చోబెట్టండి.