ఔట్‌రీచీకి అప్లై చేయడం: వ్యాసం దగ్గర్నుంచి మొదటి ప్యాచ్ (కోడ్ మార్పు) దాకా

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో) మూడు నెలలపాటు చేసే ఇంటర్న్‌షిప్ ఔట్‌రీచీ. పని ఇంటి నుంచే, వారానికి 30 గంటలు. స్టైపెండ్ మొత్తం 7,000 డాలర్లు. మహిళల కోసం, లినక్స్ డెస్క్‌టాప్ రూపొందించే గ్నోమ్ ప్రాజెక్టు 2006లో పెట్టిన వేసవి కార్యక్రమం దీనికి మూలం. మహిళలు, ట్రాన్స్ వ్యక్తులు, నాన్-బైనరీ వ్యక్తులు (తమను స్త్రీగా గానీ పురుషుడిగా గానీ చెప్పుకోనివాళ్ళు), తమ దేశపు టెక్ రంగంలో వివక్ష ఎదుర్కొనేవాళ్ళు ఎవరైనా అప్లై చేయొచ్చు. 18 ఏళ్ళు నిండాలి. డిగ్రీ ఉండాలన్న నియమం లేదు. ఇంతకుముందు ఇందులో గానీ గూగుల్ నడిపే ఇలాంటి కార్యక్రమమైన సమ్మర్ ఆఫ్ కోడ్‌లో గానీ ఇంటర్న్‌గా చేసినవాళ్ళు మాత్రం అనర్హులు.

ఇందులో జనం ఎక్కువగా జారిపోయేది కోడింగ్ దగ్గర కాదు. వ్యాసాలు మొక్కుబడిగా రాయడం దగ్గర, తేదీలు తప్పుగా నింపడం దగ్గర, చేసిన పనిని సైట్‌లో నమోదు చేయకపోవడం దగ్గర.

ఏ రౌండుకు?

ఏడాదికి రెండు రౌండ్లు: మే నుంచి ఆగస్టు, డిసెంబరు నుంచి మార్చి. మొదటిదానికి అప్లికేషన్లు జనవరి-ఫిబ్రవరి ప్రాంతంలో, రెండోదానికి ఆగస్టులో తీసుకుంటారు. అప్లికేషన్లు తీసుకునే వ్యవధి చాలా తక్కువ, కాబట్టి ఔట్‌రీచీ సైట్‌లో ఈమెయిల్ అలర్ట్ పెట్టుకోండి. గడువు సాధారణంగా యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ప్రకారం సాయంత్రం 4 గంటలు, అంటే మనకు రాత్రి 9:30. అర్ధరాత్రి దాకా టైముందనుకుంటే అంతే సంగతులు.

మన యూనివర్సిటీల్లో చదువుతున్నవాళ్ళు మే రౌండు చూసుకోవాలి. చదువు అయిపోయినవాళ్ళకు, పెళ్ళో పిల్లలో కారణంగా ఉద్యోగం ఆపినవాళ్ళకు డిసెంబరు రౌండు అనువుగా ఉంటుంది.

ఫారంలో సెమిస్టర్ల మొదలు, ముగింపు తేదీలు, పరీక్షలు, ఉద్యోగం గంటలు అన్నీ అడుగుతారు. ఇంటర్న్‌షిప్ కాలంలో వరుసగా 49 రోజులు చదువు గానీ పూర్తికాలపు పని గానీ లేకుండా ఉండాలి. ఈ లెక్కను ఫారమే వేస్తుంది. సరిపోకపోతే వ్యాసం ఎంత బాగున్నా తిరస్కరిస్తుంది. యూనివర్సిటీ అధికారిక అకడమిక్ క్యాలెండర్ లింకు దగ్గర పెట్టుకుని నింపండి. సెమిస్టర్ పరీక్షలు వాయిదా పడటం మనకు కొత్తేం కాదు గనక, తర్వాత తేదీలు మారితే నిర్వాహకులకు వెంటనే రాయండి. దాచి, మధ్యలో దొరికిపోవడం అన్నిటికంటే చెడ్డది.

నాలుగు వ్యాసాలు

ప్రశ్నల సారం ఇది. మీ దేశపు టెక్ రంగంలో మీలాంటివాళ్ళు తక్కువగా ఉన్నారా? చదువుకునే చోట మీ నేపథ్యం ఉన్నవాళ్ళు ఎందరు? నేర్చుకునేటప్పుడు ఏ వివక్ష ఎదురైంది? ఉద్యోగానికి వెళ్తే ఏది ఎదురవుతుంది?

"భారతదేశంలో మహిళలు వెనకబడి ఉన్నారు" అని రాస్తే అందులో మీరు ఎక్కడా లేరు. పైగా మన ఇంజనీరింగ్ కాలేజీల్లో సి.ఎస్.ఇ. సెక్షన్లో సగం మంది అమ్మాయిలే ఉండొచ్చు. అలాంటప్పుడు "మా క్లాసులో అమ్మాయిలు తక్కువ" అనకండి, జరిగేది రాయండి. ల్యాబ్ రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంటే అమ్మాయిల హాస్టల్ గేటు ఆరున్నరకే మూస్తారా? టీం ప్రాజెక్టులో కోడ్ ఎవరు రాస్తారు, పీపీటీ ఎవరి మీద పడుతుంది? ఇంటిపేరు చూసి కులం ఆరా తీశారా? ఇంటర్ దాకా తెలుగు మీడియం కావడం వల్ల ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల్లో ఏ రౌండులో తీసేశారు? నాన్-బైనరీ వ్యక్తులైతే కాలేజీ ఫారాల్లో, హాస్టల్ కేటాయింపులో ఎదురైనవి రాయొచ్చు. ఒక్కో జవాబుకు రెండు మూడు నిర్దిష్ట సంఘటనలు చాలు. ఇంగ్లీషు మామూలుగా ఉన్నా నష్టం లేదు. చాట్‌బాట్‌తో రాయించొద్దు, ఒకే అచ్చులో పోసినట్టున్న జవాబులు చదివేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతాయి.

ఈ వ్యాసాలను చదివేది అప్లికేషన్ల సమీక్షకులే, మెంటర్లకు (ప్రాజెక్టులో మీకు దారి చూపేవాళ్ళకు) చూపించరు. ఇంట్లో తెలియని విషయం రాయాలా వద్దా అని తటపటాయించేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

పేరు ముందే తేల్చుకోండి

ఫారంలో చట్టపరమైన పేరు, అందరికీ కనబడే పేరు విడివిడిగా ఉంటాయి. అసలు జాగ్రత్త గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) దగ్గర కావాలి. మొదటి కమిట్‌లో (నమోదు చేసిన మార్పులో) ఏ పేరు, ఏ ఈమెయిల్ పడితే అవి చరిత్రలో ఉండిపోతాయి, ఇతరుల రిపాజిటరీలో (కోడ్ నిల్వలో) వాటిని మార్చడం దాదాపు అసాధ్యం. అందుకే గిట్ కన్ఫిగ్‌లో యూజర్ నేమ్, యూజర్ ఈమెయిల్ ముందే సరిచూసుకోండి. గిట్‌హబ్ (గిట్ ప్రాజెక్టులు ఉంచే సైట్) సెట్టింగుల్లో ఈమెయిల్‌ను ప్రైవేటుగా ఉంచే ఆప్షన్ ఆన్ చేస్తే అసలు ఈమెయిల్ బయటపడని నోరిప్లై చిరునామా ఇస్తుంది. దాన్నే కన్ఫిగ్‌లో పెట్టండి. అనవసరపు మెయిళ్ళు, వేధింపులు చాలావరకు తగ్గుతాయి. లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) ప్యాచ్‌లలో సంతకంలా పెట్టే సైన్డ్-ఆఫ్-బై వరసలో ఒకప్పుడు అసలు పేరే రాయాలనేవారు. 2023లో ఆ మాట మార్చారు: అనామకంగా కాకుండా, నలుగురికీ తెలిసిన గుర్తింపు ఉంటే సరిపోతుంది.

కాంట్రిబ్యూషన్ నెల

వ్యాసాలు, తేదీల వడపోత దాటితే సుమారు నెల రోజులపాటు ప్రాజెక్టుకు నిజంగా పనిచేసి చూపించాలి. ఒకటి, మహా అయితే రెండు ప్రాజెక్టులు ఎంచుకోండి. ఐదింటిలో వేలు పెడితే దేనిలోనూ మెంటర్‌కు మీ పేరు గుర్తుండదు. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంటే వికీమీడియాలోని (వికీపీడియాను నడిపే సంస్థ) పైథాన్ పనులు, డాక్యుమెంటేషన్ పనులు హాయిగా నడుస్తాయి. కెర్నల్ కూడా కుదురుతుంది గానీ, మేక్ లోకల్‌మాడ్‌కన్ఫిగ్ అనే కమాండ్ వాడి మీ మెషీన్‌కు కావలసిన మాడ్యూళ్ళకే కంపైల్‌ను పరిమితం చేయండి. లేదంటే గంటల తరబడి కూర్చోవాలి.

మొదటి రెండు రోజులు సెటప్‌కే పోతాయి. కాలేజీ వైఫైలో గిట్ పుష్ (మార్పులను సర్వర్‌కు పంపడం) కదలకపోతే తప్పు మీది కాకపోవచ్చు, ఎస్ఎస్‌హెచ్ (సురక్షితంగా సర్వర్‌కు కలిపే పద్ధతి) వాడే పోర్ట్ 22 మూసి ఉండొచ్చు. గిట్‌హబ్‌కు 443 పోర్ట్ మీదుగా ఎస్ఎస్‌హెచ్ వాడే దారి ఉంది, లేదా హెచ్‌టీటీపీఎస్‌కు మారండి. ప్యాచ్‌లను మెయిల్‌లో పంపే గిట్ సెండ్-ఈమెయిల్‌తో జీమెయిల్ లాగిన్ కాకపోతే, రెండంచెల ధ్రువీకరణ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. కెర్నల్ మెయిలింగ్ లిస్టులకు సాదా టెక్స్ట్ మాత్రమే పంపాలి, హెచ్‌టీఎంఎల్ మెయిళ్ళను అవి తిప్పికొడతాయి.

గంటో రెండు గంటలో చిక్కుకుపోతే అడగండి, అదీ మెంటర్ ఇన్‌బాక్స్‌లో కాకుండా అందరూ చూసే చానెల్లో. ఏం చేశారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది, ఏ ఆపరేటింగ్ సిస్టం: ఈ నాలుగూ ఉండాలి. ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్ తీయకుండా టెక్స్ట్‌గా అతికించండి. "రెస్పెక్టెడ్ సర్" అక్కర్లేదు; మెంటర్ సర్ కాకపోవచ్చు కూడా, పేరు పెట్టి పిలవడమే అక్కడి మర్యాద. "ప్లీజ్ అసైన్ మీ" అని పది ఇష్యూల (చేయాల్సిన పనుల నమోదుల) కింద రాసి మాయమయ్యేవాళ్ళు ప్రతి రౌండులో ఉంటారు. ఆ గుంపులో కలవకండి.

ఒక పుల్ రిక్వెస్ట్‌లో (మీ మార్పును కలుపుకోమని కోరే అభ్యర్థనలో) ఒకే మార్పు ఉంచండి. అక్షరదోషం సరిదిద్దడంతో మొదలుపెట్టినా పర్వాలేదు, అక్కడే ఆగిపోతే మాత్రం లాభం లేదు. రెండోది చిన్న బగ్, మూడోది టెస్టుతో కూడిన మార్పు అయితే మెంటర్‌కు మీ ఎదుగుదల కనబడుతుంది. రివ్యూలో "ఇది ఎందుకు ఇలా?" అన్నది తిట్టు కాదు, అలవాటైన పద్ధతి. ఒక రోజులోపు జవాబివ్వండి.

ఇక ముఖ్యమైనది: పుల్ రిక్వెస్ట్ మెర్జ్ అయినంత (ప్రాజెక్టులో కలిసినంత) మాత్రాన ఔట్‌రీచీకి తెలియదు. వాళ్ళ సైట్‌లో ప్రతి కాంట్రిబ్యూషన్‌నూ లింకుతో మీరే నమోదు చేయాలి. ఒక్కటైనా నమోదు చేయకపోతే చివరి అప్లికేషన్ చెల్లదు. మెర్జ్ కాకున్నా, రివ్యూలో ఉన్నది కూడా నమోదు చేయొచ్చు. గడువు రోజున మొదలుపెట్టకండి.

చివరి అప్లికేషన్‌లో వారాలవారీ ప్రణాళిక అడుగుతారు. దాన్ని ఊహించి రాయొద్దు. ముందే మెంటర్‌కు చూపించి దిద్దించుకోండి. టెస్టులకు, డాక్యుమెంటేషన్‌కు, రివ్యూ కోసం ఎదురుచూపులకు విడిగా రోజులు కేటాయించండి.

డబ్బు

బ్యాంకు ఖాతా చట్టపరమైన పేరుతో, పాన్‌తో సరిపోలాలి. పేరు మార్చుకునే ప్రక్రియలో ఉన్న ట్రాన్స్ వ్యక్తులు ఇంటర్న్‌షిప్ మధ్యలో ఖాతా పేరు మార్చకపోవడం మేలు, చెల్లింపు నిలిచిపోవచ్చు. విదేశీ సొమ్ము వచ్చినప్పుడు బ్యాంకు పర్పస్ కోడ్ (సొమ్ము దేనికో తెలిపే కోడ్) అడుగుతుంది, ఒప్పందం కాపీ దగ్గరుంచుకోండి. ఇది జీతం కాదు, కాబట్టి ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ వేసే ముందు సి.ఎ.తో మాట్లాడండి.

ఎంపిక కాకపోతే మరో రౌండులో మళ్ళీ అప్లై చేయొచ్చు. మెర్జ్ అయిన ప్యాచ్‌లు ప్రాజెక్టులోనే ఉంటాయి, వాటి లింకులు రెజ్యూమేలో పెట్టండి. అదే ప్రాజెక్టులో నెలకొక ప్యాచ్ పంపుతూ ఉంటే వచ్చే రౌండు నాటికి మెంటర్లు మిమ్మల్ని గుర్తుపడతారు.