గుల్లలు, నీటి శాంపిళ్ల ఐసోటోప్ పరీక్ష: దరఖాస్తుకు ముందు ఎంత తీయాలి, ఎలా పంపాలి

ఐసోటోపులంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. వాటిని కొలిపించాలంటే గుల్లకు డ్రిల్ పెట్టకముందే ల్యాబ్‌కి మెయిల్ రాసి, వాళ్లు ఏ యంత్రం వాడుతున్నారో అడగండి. ఎంత పొడి కావాలో దాన్నిబట్టే తేలుతుంది. ల్యాబ్ దరఖాస్తు ఫారం నింపడం ఆ తర్వాతి పని.

గుల్ల పొడిని ఫాస్ఫారిక్ యాసిడ్‌తో కరిగించి, వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తారు. ఈ పని చేసే యంత్రాలు ముఖ్యంగా రెండు రకాలు: కీల్, గ్యాస్‌బెంచ్. కీల్ పరికరం ఉన్న చోట సుమారు 20 నుంచి 100 మైక్రోగ్రాములు చాలు. గ్యాస్‌బెంచ్ ఉంటే 100 నుంచి 400 దాకా అడుగుతారు. 100 మైక్రోగ్రాములంటే అర మిల్లీమీటరు వెడల్పు, 0.2 మిల్లీమీటర్ల లోతున్న గుంటలోంచి వచ్చే పొడి, అంతే! ఎందుకైనా మంచిదని లోతుగా తవ్వకండి. ఎండాకాలం పొర, చలికాలం పొర కలిసిపోయి సగటు ఒక్కటే చేతికొస్తుంది. ఆక్సిజన్ విలువలో (బరువైన, తేలిక ఆక్సిజన్‌ల నిష్పత్తిలో) వెయ్యికి 1 వంతు తేడా వస్తే నీటి వేడిలో ఇంచుమించు 4 డిగ్రీల తేడా ఉన్నట్టు. ఈ కష్టమంతా ఆ తేడా పట్టుకోవడానికే. పొడి చాలకపోతే అదే పెరుగుదల గీత వెంట పక్కకు జరగండి. డ్రిల్ నెమ్మదిగా తిప్పండి, వేడెక్కితే అరగొనైట్ కాల్సైట్‌గా మారిపోవచ్చు. ఫారంలో ఈ రెంటిలో ఏ ఖనిజమో అడిగే గడి ఉంటే ఖాళీ వదలొద్దు, లెక్క దాన్నిబట్టి మారుతుంది.

మొదటిసారి నేను పొడిని ప్లాస్టిక్ వయల్‌లో వేస్తే, స్థిర విద్యుత్తు వల్ల సగం గోడలకే అంటుకుపోయింది. ఎంత టెన్షన్ పడ్డానో! అప్పట్నుంచి గాజు వయల్సే వాడుతున్నాను.

నీటి విషయంలో పరిమాణం పెద్ద సమస్య కాదు. లేజర్ యంత్రం ఒక్కో ఇంజెక్షన్‌కు 2 మైక్రోలీటర్ల లోపే తీసుకుంటుంది. కానీ ముందు శాంపిల్ ఛాయ పోవడానికి చాలాసార్లు ఎక్కిస్తారు కాబట్టి 2 మిల్లీలీటర్ల వయల్ నింపి పంపాలి, మళ్లీ చేయాల్సి వస్తుందేమోనని ఇంకొకటి జత చేస్తే మేలు. 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టి, బుడగ కూడా లేకుండా అంచుదాకా నింపి, మూత బిగించండి. ఖాళీ ఉంటే నీరు ఆవిరై తేలిక అణువులు ముందు పోతాయి, బరువైనవి మిగిలి విలువ పైకి జరుగుతుంది. ఉప్పునీరైతే ఫారంలో తప్పక రాయండి, ఉప్పు యంత్రంలో పేరుకుంటుంది. నీటిలో కరిగిన కార్బన్ కూడా కావాలంటే దానికి వేరే సీసా, వేరే జాగ్రత్తలు. వాటి గురించి ల్యాబ్‌ను ముందే అడగండి.

రిపోర్టులో గుల్ల విలువలు వీపీడీబీ (VPDB) స్కేలు మీద, నీటివి వీస్మో (VSMOW) స్కేలు మీద వస్తాయి, రెండింటి సున్నా ఒకటి కాదు. ఒకదాంట్లోంచి ఒకటి నేరుగా తీసేయకండి. మిగిలిన పొడిని, గుల్లను రిపోర్టు సరిచూసుకునేదాకా దాచిపెట్టండి.